మిద్దెమీది వాటా

గోలకొండ వజ్రములకై 17వ శతాబ్ది మధ్యమున పలుమారు మన దేశమునకు వచ్చిపోయిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్, 1676లో పారిసు నగరమున ప్రకటితమైన తన యాత్రాగ్రంథమునందు భాగ్యనగరపు రాజభవనమును వర్ణించుచు, అచటి చదునైన మిద్దెలపైనను, ఏనుగులను కట్టు శాలలపైనను రమ్యమైన తోటలు కలవనియు, ఆ తోటలలోని వృక్షముల పరిమాణమును చూచినచో క్రిందనున్న కమానులు అంతటి భారమును ఎట్లు మోయుచున్నవో యని ఆశ్చర్యము కలుగక మానదనియు వ్రాసియున్నాడు. జీవితమంతయు రవ్వలను రతుల లెక్కన తూచినవానికి తోట యందముకంటె దాని బరువే ముందుగా కంటబడుట వింత కాదు. అయినను మిద్దెమీది తోటను గురించి అడుగదగిన మొదటి ప్రశ్న యదియే; మూడున్నర శతాబ్దములు గడచిన పిమ్మట, గోలకొండకు పడమరగా కొద్ది క్రోసుల దూరముననున్న కోకాపేటలో ఆకసమునంటు గృహసముదాయములకు నక్షాలు గీయు ఇంజనీరులును దానినే అడుగుచున్నారు.

గోలకొండ కోటలోని మిద్దెతోటలకు నీరు ఎట్లు చేరెనో తెలిసినచో, ఆ విలాసము ఎవరికి సాధ్యమో కూడ తెలియును. క్రిందినుండి పైకి అంచెలంచెలుగా కట్టిన తొట్లలోనికి పశువులచే త్రిప్పబడు చక్రములతో నీటిని ఎక్కించి, అచటనుండి గోడలలో ఇమిడ్చిన మట్టిగొట్టముల ద్వారా భవనములకును, జలయంత్రములకును, పైతోటలకును పంచెడివారు. ఆ గొట్టముల ముక్కలు నేటికిని శిథిలములలో కనబడును. గజముల మందము గల సున్నపు కమాను, చక్రము త్రిప్పుటకు ఎద్దులు, ఎద్దులను తోలుటకు మనుష్యులు, ఇవన్నియు ఒక్క యజమాని చేతిలోనున్నప్పుడు మిద్దెపై మామిడియైనను పెరుగును.

ఈ ప్రాంతపు పల్లెలలోని సామాన్యుల కప్పులకు ఇంతటి వైభవము లేకపోయినను, మట్టితోను ఎండతోను వానికిగల చుట్టరికము ఇంకను పాతది. తెలంగాణమునందును రాయలసీమయందును కలిగినవారికి మట్టిమిద్దె, నడిమితరగతి వారికి గూనపెంకుటిల్లు, లేనివారికి పూరిగుడిసె ఉండెడివి. మట్టిమిద్దె యనగా, మందమైన గోడలపై వేప, తుమ్మ దూలములను దగ్గరదగ్గరగా పరచి, వానిపై వాసములు, వాసములపై కంప గాని రాతిపలకలు గాని వేసి, ఆపైన మెత్తని మట్టిని జానెడునకు మించి పోసి, దిమ్మిసతో కొట్టి, వాననీరు ఇంకకుండ చౌడుమట్టిని మెత్తుట. ఏటేట తొలకరికి ముందు మిద్దె ఎక్కి చౌడు క్రొత్తగా చల్లుకొనవలెను. అశ్రద్ధ చేసినచో ఆషాఢము వెళ్లకమునుపే నడింట చినుకు పడును. శ్రావణమున ఆ మట్టిపై గడ్డి మొలచుట, పిల్లలు దానిని పీకుట, పీకినచోట మరల మొలచుట మామూలే. ఆ గడ్డిని ఎవరును తోట యనలేదు, పీడ యనిరి. గుడిసెవారు మాత్రము చూరు ప్రక్కన ఆనిగెపు విత్తో గుమ్మడి విత్తో పాతి, తీగను కప్పుపైకి ఎక్కించి, వర్షాకాలమంతయు కాయలు కోసికొనెడివారు. నేడు పచ్చకప్పు అనబడు దానిలో అన్నింటికంటె చౌకయైనదియు, అన్నింటికంటె ఫలసహితమైనదియు ఇదియేనని నా యభిప్రాయము.

ఇక సూర్యరశ్మి మాట. మిద్దె ఇంటికి పైగది వంటిది. మిరపకాయలు, చింతపండు, వడియములు, అప్పడములు, వడ్లు, పెసలు అన్నియు అచటనే ఎండెడివి. వేసవి రాత్రులందు నులకమంచములు అచటికే చేరెడివి. సౌరశక్తిని గృహావసరములకు వాడుకొనుట క్రొత్తగా నేర్చిన విద్య యనువారు, 3 రోజుల ఎండతో సంవత్సరమునకు సరిపడు వడియములు పెట్టిన మన ముత్తవలను లెక్కలోనికి తీసికొనరు. కాని ఆ ఎండను తీగలో పారించి దీపము వెలిగించు ఉపాయము మాత్రము క్రొత్తదియే. అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ఉపయోగయోగ్యమైన సిలికాన్ సౌరఘటమును 1954లో ప్రదర్శించువరకు అది శాస్త్రజ్ఞుల కుతూహలముగనే యుండెను.

నగరమున మట్టిమిద్దె స్థానమును మొదట డంగుసున్నపు గచ్చు ఆక్రమించినది. సున్నమును గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లము కలిపి, ఇటుకముక్కలతో చేర్చి కొట్టిన ఆ గచ్చు మందముగను తెల్లగను ఉండుటవలన ఎండను సగము త్రిప్పికొట్టి, మిగిలిన సగమును నెమ్మదిగా క్రిందికి పంపెడిది. ఆ పిమ్మట రెండు వస్తువులు వచ్చి కథను మార్చినవి. ఒకటి రేకు: 1940లలో సనత్‌నగరమున నెలకొల్పబడిన కర్మాగారమునుండి చార్మినార్ మార్కు సిమెంటు రేకులు బయలుదేరి బస్తీలను కప్పివేసినవి. రెండవది స్లాబు. 4, 5 అంగుళముల మందము గల సిమెంటు కాంక్రీటు, లోపల ఇనుపకడ్డీలు. ఒక్క పగటిలో పోసి, 3 వారములు నీరు కట్టినచో తరతరములు నిలుచునను నమ్మకము. వానకు కురియదు, గడ్డి మొలవదు, ఏటేట చౌడు చల్లనక్కరలేదు. అయితే పగలంతయు త్రాగిన వేడిని రాత్రియంతయు క్రింది గదిలోనికి క్రక్కును. మట్టి చేసిన పనిని స్లాబు చేయలేదను సంగతి, దాని క్రిందికి పంకాయు, పిమ్మట కూలరును, ఆ పిమ్మట ఏసీయు వచ్చి చేరిన తరువాతగాని ఎవరికిని పట్టలేదు.

కోకాపేట అప్పటికి ఈ మార్పులకు దూరముగనుండిన పల్లె. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద రాజధానిని ముంచిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి నిర్మింపబడి 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరము, అనగా మన గండిపేట చెరువు, దీనికి పొరుగు. నగరము త్రాగునీటికి ఈ దిక్కునకు చూచుచుండుటచేత, 1996లో వెలువడిన 111వ సంఖ్య ప్రభుత్వోత్తరువు ఈ చెరువునకును దాని జంట జలాశయమునకును గల పరీవాహక ప్రాంతమున 84 గ్రామములందు కట్టడములను కఠినముగ నియంత్రించెను. వట్టినాగులపల్లి వంటి పొరుగూళ్లు పొలములుగా నిలిచిపోవుటకు అదియే కారణము. నియంత్రణ ఒకవైపు, నగరము మరొకవైపు ఒత్తిడి చేయగా, ఈ హద్దునందలి భూమి విలువ ఆకాశమున కెగయుట అనివార్యమయ్యెను.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించుటతో మాదాపూరు రాళ్లగుట్టలకు పట్టాభిషేకము జరిగినది. దానికి చేరువనే, కొండాపూరున, మన ప్రస్తుత కథకు మూలమైన భవనము వెలసినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, భారత పరిశ్రమల సమాఖ్య, పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషను కలిసి, అమెరికా సహాయసంస్థ తోడ్పాటుతో నెలకొల్పిన సోరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు అది. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. నడుమ ముంగిలి చుట్టును వలయాకారముగ సాగిన ఆ కట్టడమునందు జాలీ గోడలు, గాలిని చల్లార్చి లోనికి పంపు రెండు గాలిబురుజులు, కప్పులో సగమునకు మించి మట్టియు పచ్చికయు, మిగిలినచోట 23.5 కిలోవాట్ల సౌరఫలకములు అమర్చిరి. అమెరికా హరితభవన మండలివారి లీడ్ పద్ధతిలో ప్లాటినం శ్రేణిని 2003లో పొంది, ఆ దేశమునకు వెలుపల ఆ గౌరవము నందిన మొదటి భవనముగ ప్రసిద్ధికెక్కినది. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు దానిని ప్రారంభించిరి. ముంగిలి, జాలీ, గాలిబురుజు, మట్టికప్పు: ఇందులో మన పెద్దలు ఎరుగనిది ఫలకమొక్కటే. 2001లో ఏర్పడిన భారత హరితభవన మండలికిని ఇదియే కేంద్రస్థానమైనది గనుక, దేశమున ఏ మూల ఏ యింటికి ఆ మండలివారి హరితముద్ర పడినను అది హైదరాబాదునుండియే పోవుచున్నది.

అయితే అది కార్యాలయము. దానికి అంతస్తులపై అంతస్తులు లేవు, యజమాని యొక్కడే. దాని మేలు గృహములకు ఎంత సంక్రమించినదను ప్రశ్నకు సమాధానము 2006 నాటి మరియొక పరిణామమున కలదు. ఆ యేటి మార్చిలో వెలువడిన 86వ ఉత్తరువు, స్థలవిస్తీర్ణమునకు ఇన్నిరెట్లు మాత్రమే కట్టవలెనను పరిమితిని హైదరాబాదున ఎత్తివేసెను. ఈ స్వేచ్ఛ బొంబాయి, బెంగుళూరులలో లేదు. చుట్టును తగినంత ఖాళీ విడిచి, వెడల్పైన బాట యున్నచో, ఎంత ఎత్తునకైనను లేపవచ్చును. ఆ సంవత్సరముననే నగరాభివృద్ధి సంస్థయైన హుడావారు కోకాపేట భూములను వేలము వేసిరి. ఆ వేలము వ్యాజ్యములలో చిక్కి చాలకాలము కదలలేదు. హుడాకు వారసురాలైన హెచ్.ఎం.డి.ఎ. వారు నియోపోలిస్ అను పేరుతో లేఅవుటు తీర్చి 2021 జూలైలో మరల వేలము వేయగా ఎకరము గరిష్ఠముగ 60 కోట్ల 20 లక్షలు పలికినది. 2023 ఆగస్టు 3న 45.33 ఎకరములకు 3,319 కోట్ల 60 లక్షలు వచ్చినవి, అందొక ముక్క ఎకరము 100 కోట్ల 75 లక్షలకు పోయినది. ఎకరమునకు 4,840 గజములు గనుక, గజము 2 లక్షల 8 వేలు. ఆనిగెపు పాదునకు గజము నేల చాలునను మాటను ఇచట తలపెట్టుట అపహాస్యమగును.

ఇంత వెలపెట్టి కొన్నవారు 40, 50 అంతస్తులు లేపక తప్పదు. లేపినప్పుడు కప్పునకు ఏమగునో చూడవలెను. 200 గజముల స్థలములో కట్టుకొన్న సొంత యింటివాడు తన స్లాబుపై 300 చదరపుటడుగులు కేటాయించినచో 3 కిలోవాట్ల ఫలకములు పట్టును. హైదరాబాదు ఎండకు కిలోవాటుకు సగటున రోజునకు 4 యూనిట్ల చొప్పున 12 యూనిట్లు, నెలకు 360. మధ్యతరగతి కుటుంబము కరెంటు బిల్లు దాదాపుగ తీరిపోవును. అదే 50 అంతస్తుల టవరు తీసికొందము. దాని శిఖరమున 10,000 చదరపుటడుగులున్నవనుకొన్నను, నీళ్లతొట్లు, అగ్నిమాపక తొట్టి, లిఫ్టు యంత్రముల గదులు సగము మ్రింగివేయగా మిగిలిన సగమున 50 కిలోవాట్లు, అనగా దినమునకు 200 యూనిట్లు. అంతస్తునకు 5 వంతున 250 ఫ్లాట్లు. ఒక్కొక్కరి పాలు యూనిటులో నాలుగైదవ వంతులు. పడకగదిలోని ఏసీ దానిని ముప్పావు గంటలో త్రాగివేయును. పైగా అంత ఎత్తున గాలి సామాన్యము కాదు. భారత ప్రమాణముల ప్రకారము హైదరాబాదున కట్టడములకు ప్రాథమికముగ తీసికొనవలసిన గాలివేగము సెకనుకు 44 మీటర్లు, ఎత్తు పెరిగినకొలది అది ఇంకను హెచ్చును. అందుచేత ఫలకముల బరువును మోయుట కాదు, ఎగిరిపోకుండ పట్టియుంచుటయే అచట కష్టము. ఇన్ని తంటాలు పడి పుట్టించిన విద్యుత్తు వసారా దీపములకును, లిఫ్టులకును, నీటి మోటార్లకును సరిపోయినచో అదృష్టమే.

పచ్చదనమునకు అడ్డు గాలి కాదు, బరువు. ఎక్కి తిరుగుటకు వీలైన కప్పును చదరపు మీటరునకు 150 కిలోల బరువునకు లెక్కించుట సంప్రదాయము. తడిసిన మట్టి అడుగు మందమునకు 500 మొదలు 600 కిలోలు తూగును. ఈ కారణముననే జర్మనీదేశస్థులు నాలుగంగుళములకు మించని తేలికమిశ్రమముపై రాళ్లలో మొలచు చిరుమొక్కలను పెంచు పద్ధతిని అభివృద్ధి చేసి ప్రపంచమునకు నేర్పిరి. కాని అచట ఏడాది పొడవున చినుకు పడును. ఇచట వర్షమంతయు దాదాపు 4 నెలలలో కురిసి, ఏప్రిలు, మే మాసములలో నాలుగంగుళముల మట్టి వేడిపెనమగును. నీరు పోయనిచో బ్రతుకని పచ్చకప్పును, నీటికి ట్యాంకరు పిలుచుకొను నగరమున సౌధశిఖరమునకు ఎక్కించుటలో వివేకమెంత యను సందేహము నన్ను వదలదు.

అయినను కోకాపేటలో పచ్చకప్పులు లేవనుట అసత్యము. అవి శిఖరమున గాక పాదముననున్నవి. నేల క్రిందను, నేలపైనను పలు అంతస్తులుగా కార్లకు చోటు కట్టి, దానిపై విశాలమైన స్లాబు వేసి, ఆ స్లాబుపై పచ్చికబయళ్లు, ఈతకొలను, పూలపొదలు, తాటిజాతి వృక్షములు పెంచి, దానికి పోడియం అని పేరు పెట్టినారు. పిల్లలు ఆడుకొనునది అచటనే, ముసలివారు నడుచునది అచటనే. అది నేల యనియే భావింతురు. వాస్తవమునకది కప్పు, దాని క్రింద కార్లు నిద్రించుచున్నవి. స్లాబుపై నీరంటని పొర, దానిపై వేళ్లు చొరబడకుండ మరియొక పొర, నీరు పారుటకు గుల్లపలకలు, మట్టి జారకుండ వస్త్రము, ఆపైన మట్టి: పోడియము క్రమమిది. మన మట్టిమిద్దెలోని దూలము, వాసము, కంప, మన్ను, చౌడుల వరుసకు ఇది దూరపు బంధువే. ఈ స్లాబును మొదటినుండి మట్టిబరువునకే లెక్కించి కట్టుదురు గనుక టావెర్నియర్ సందేహమునకు ఇచట సమాధానము దొరకినది. శుద్ధిచేసిన మురుగునీరు తడుపుటకు అందుబాటులోనుండుటచేత గోలకొండ ఎద్దులకును బదులు దొరకినది. చౌడు చల్లు పని మాత్రము అట్లే యున్నది. స్థిరాస్తి నియంత్రణ చట్టము క్రింద నిర్మాణలోపములకు నిర్మాతకు గల బాధ్యత 5 సంవత్సరములు. ఆ పిమ్మట పార్కింగు పైకప్పున చెమ్మ కనబడినచో తోటను త్రవ్వి పొరను వెదకు వ్యయము నివాసుల సంఘముదే. అమ్మకపు పత్రములలో అచ్చుపడు హరిత ధ్రువపత్రములలో ఎన్నియో నక్షా దశలో లభించిన ముందస్తు పత్రములు. చౌడు సంగతి వానియందుండదు.

ఇన్ని చిక్కులను దాటిపోవు చవుకమార్గము ఒకటి కలదు, అది తెలుపు. నల్లని పూతగల కప్పును తెల్లగ మార్చినచో చల్లార్పు విద్యుత్తులో 14 మొదలు 26 శాతము వరకు ఆదా యగునని, హైదరాబాదు ప్రాంతపు భవనములపై బర్కిలీ ప్రయోగశాలవారును ఇచటి ఐఐఐటీ ఆచార్యులును కలిసి జరిపి 2012లో ప్రకటించిన పరిశోధన తేల్చినది. 2017లో నగరమునందలి దేవరకొండ బస్తీలో 25 పేదయిండ్ల కప్పులపై తెల్లని పొరను పరచి చూడగా లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినది. ఈ యనుభవముల ఫలముగ 2023 ఏప్రిలు 3న తెలంగాణ ప్రభుత్వము చలువకప్పుల విధానమును ప్రకటించి, 600 గజములు మొదలుకొని ఆపైన స్థలములోని గృహములకు దానిని విధిచేసి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరుప సంకల్పించెను. డంగుసున్నపు గచ్చును తుడిచిపెట్టిన నగరము తెల్లకప్పును విధానముగ మరల తెచ్చుకొనుట చరిత్ర చేసిన పరిహాసము. అయినను టవరునందు ఈ ప్రయోజనమును అనుభవించునది చిట్టచివరి అంతస్తు వాడొక్కడే. 20వ అంతస్తువాని ఇంటిపై కప్పు 21వ అంతస్తువాని గచ్చు. వానికి ఎండ పైనుండి రాదు, పడమటి అద్దములనుండి వచ్చును.

ఇందుకు భిన్నముగ, సొంతయిండ్ల కాలనీలలో గత రెండు దశాబ్దములలో మిద్దెతోట ఒక ఉద్యమముగ పెరిగినది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నగరపు తూర్పుచివర నారపల్లిలోని తమ డాబాపై కూరలు, పండ్లు పండించి, దానిపై పుస్తకము వ్రాసి, వేలమందికి దారిచూపిరి. ఇటుకల మడులను దూలముల మీదుగా, గోడల వెంబడి అమర్చినచో స్లాబునకు హాని లేదను కిటుకు ఆ తోటమాలులకు కరతలామలకము. దానికి కావలసినది నిచ్చెన, ఇంటెడు ఓపిక, తనదను కప్పు. టవరువాసికి మొదటి రెండును దొరకవచ్చును.

మూడవది దొరకునా యనునది చట్టమునకు సంబంధించిన ప్రశ్న. 1987 నాటి అపార్టుమెంటు చట్టము పైకప్పులను అందరి ఉమ్మడి ఆస్తిగ పేర్కొన్నది. 2016 నాటి స్థిరాస్తి చట్టము ఇంకొక అడుగు వేసి, మిద్దెలతోబాటు పునరుత్పాదక శక్తి యంత్రములను కూడ ఉమ్మడి వసతుల పట్టికలో చేర్చినది. ప్రతి ఫ్లాటు దస్తావేజులోను భూమియందు ఇన్ని గజముల అవిభక్తపు వాటా యని వ్రాసికొన్నట్లే, ఎండయందును ఒక వాటా కలదన్నమాట. దానిని వసూలు చేసికొను మార్గమే సన్నగ నున్నది. 2024 ఫిబ్రవరిలో కేంద్రము ఆమోదించిన సూర్యఘర్ పథకము సొంతయింటి 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు సహాయమిచ్చుచు, నివాసుల సంఘములకు ఉమ్మడి అవసరముల నిమిత్తము కిలోవాటుకు 18,000 చొప్పున, 500 కిలోవాట్ల వరకు ఇచ్చుచున్నది. శిఖరములపై అంత చోటు లేదు. కాని చోటు శిఖరముననే యుండవలెనని నియమమేమి? కోకాపేట అంచున పోవు ఔటరు రింగు రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిలు బాటకు నీడగా పరచిన సౌరఫలకములు 16 మెగావాట్ల శక్తి గలవి; 2023 అక్టోబరు 1న ఆ బాట ప్రారంభమైనది. 16 మెగావాట్లనగా పైన లెక్కించిన టవరుల వంటివి 320 కలిపినంత. ఒకచోట పుట్టిన విద్యుత్తును పలువురి మీటర్లలో వాటాలుగ జమకట్టు పద్ధతిని ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే అనుమతించినది. అట్టి ఖాతా తెరచినచో 20వ అంతస్తువాడు తన మిద్దెను బాటమీదనో, చెరువుకట్ట మీదనో, పొరుగు జిల్లా చెలకలోనో వెదకికొనవచ్చును. ప్రస్తుతమునకు కోకాపేటలో నెలనెల వాని చేతికి వచ్చునవి రెండు కాగితములు: తన మీటరు బిల్లు ఒకటి, లిఫ్టుల, దీపముల ఖర్చున వచ్చిన తగ్గుదలను ఎచటనో ఒక పంక్తిలో దాచుకొన్న నిర్వహణ రుసుము రసీదు మరియొకటి.